శోకానికి డోలక్ కొట్టకూడదు

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర తీరికా ఉంటుంది, కాఫీ కూడా దొరుకుతుంది కదా! వాళ్లు పాఠాల గురించి అడగరు. కమిటీల నుంచి ఎలా తప్పించుకోవాలని అడుగుతారు. నా జవాబు ఒకటే: స్టాఫ్ మీటింగుకి తప్పకుండా వెళ్లండి నాయనా. రానివాళ్ల నెత్తిన కమిటీ పడేయడం మా ప్రొద్దుటూరు కాలేజీలో పాత రివాజు. జ్వరమొచ్చి ఒక్క మీటింగు ఎగ్గొట్టిన పాపానికి, ఎకనామిక్స్ చెప్పుకునే నేను సాంస్కృతిక కమిటీకి పెద్దదిక్కునయ్యాను. సరిగమల్లో ఏది ముందో ఏది వెనకో తెలియదు నాకు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన నవ్వాడు. నిజానికి దురద కందకూ లేదు, కత్తిపీటకూ లేదు.

ఆ ఏడాది కడపలో జరిగే యువజనోత్సవానికి మా కాలేజీ నుంచి ఒక బ్యాండు వెళ్లాలన్నారు. పాట సొంతంగా రాసుకోవాలి, బాణీ సొంతంగా కట్టుకోవాలి. సినిమా పాట ఛాయ కనపడినా పక్కన పెట్టేస్తారు. నలుగురు పిల్లలు దొరికారు. వాళ్ల పేర్లు చెప్పను. అప్పుడు కూడా వాయిద్యాల పేర్లతోనే పిలిచేదాన్ని. గిటారు ప్రొద్దుటూరు బట్టల అంగడివాళ్ల అబ్బాయి, తన మాటే నెగ్గాలి. డోలక్ జమ్మలమడుగు నుంచి రోజూ నేనెక్కే బస్సులోనే వచ్చే సాయిబుల పిల్లవాడు, అందరినీ మామా అంటాడు. కీబోర్డుది పులివెందుల, అక్కడి చర్చిలో వాయించి నేర్చుకున్నాడు, నోట్లోంచి మాట రావాలంటే మనం కాసుకొని కూర్చోవాలి. పాడే పిల్లది రాజుపాలెం పక్క పల్లె. ఉన్నచోట నిలవదు, ఒకటే నవ్వు. తల్లి రెండేళ్ల కిందట పోయింది. తండ్రి కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. తల్లిని కన్న అవ్వే వచ్చి ఆ పిల్లను చూసుకుంటోంది.

బోటనీ ల్యాబు వెనక గదిలో మొదలుపెట్టారు. మొదలుపెట్టింది పాట కాదు, కొట్లాట. ఈ లైను నాది, నువ్వెట్ల తీసేస్తావు? నాది బాగలేదంటే నీదేమో తేనె కారతాందా? ఒకసారి గిటారు ఏదో అన్నాడని డోలక్ రావడమే మానేశాడు. బస్సులో పక్కన కూర్చోబెట్టుకొని బతిమాలాల్సి వచ్చింది. పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ హాయిగా ఉన్న ప్రాణం! చివరికి నేనే ఒక రూలు పెట్టాను. ఎవరికి తోచింది వాళ్లు చెప్పండి, నా చేత్తో బోర్డు మీద రాస్తాను. బోర్డెక్కిన లైను అందరిదీ. అది ఎవరిది, ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగారో, డస్టరు విసురుతాను.

రూలు పనిచేసింది. పొద్దున బస్సు గురించి పాట కుదిరింది. అందరూ బస్సు బాధితులే మరి.

ఒక్క నిమిసం ఆపప్పా, ఓ డ్రైవరప్పా
జడేసుకుంటాండాది మా రాజుపాలెం పాప
పుట్‌బోర్డు మీద సగమూరు, టాపు మీద సగమూరు
మొదటి పీరీడు మేడమేమో గేటుకాడ తయారు

ఆఖరి లైను నా మీద వేసిందే. ఎవరిదని అడిగే హక్కు నాకే లేకుండా పోయింది.

పల్లవి మాత్రం రాలేదు. ఏది కట్టినా సినిమా వాసనే. పోటీ దగ్గర పడుతోంది, నా బీపీ పెరుగుతోంది. ఒక మధ్యాహ్నం పిల్లలు విసిగి ఎవరి దిక్కుకు వాళ్లు తిరిగి కూర్చున్నారు. కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల ఏదో కూనిరాగం తీసింది. పైన ఎక్కడో ఎత్తుకొని, మెల్లగా జారి జారి కిందికి వచ్చి, చివర ఊపిరి లోపలికి పీల్చి ఆగింది. మళ్లీ అదే. గదిలో అందరూ తలలు తిప్పారు. డోలక్ దాని మీద దరువు వేశాడు, అంతే, అది గంతులు పెట్టింది. గిటారు ఎగిరి లేచి "దుమ్ము లేపుకుంటా పాయె, బస్సు పాయె, పాయె" అని మాటలు అమర్చాడు.

"యాడిది మే ఇది? శానా బాగుండాది" అన్నాడు ఆ పిల్లతో.

నేను డస్టరు ఎత్తాను. "రూలు!"

వాడు నోరు మూసుకున్నాడు. ఆ పిల్ల నవ్వి ఊరుకుంది. తనకు కూడా అప్పటికి తెలియదని తర్వాత చెప్పింది. నోటికి వచ్చింది, పాడింది.

పోటీకి ముందు ఎక్కడైనా ఒకసారి జనం ముందర పాడించాలనుకున్నాం. ఆ వారమే మా కాలేజీ ఎన్నెస్సెస్ క్యాంపు ఆ పిల్ల వాళ్ల ఊళ్లోనే నడుస్తోంది. సాయంత్రం బడి వరండాలో పెట్టాం. శనగ పీకి వచ్చిన ఆడవాళ్లు కొంగులతో ముఖాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. ముందు వరసలో అవ్వ. మనవరాలు మైకు పట్టుకుంటే, చుట్టుపక్కల వాళ్లను మోచేత్తో పొడుస్తోంది, చూడండే అన్నట్టు.

మొదటి చరణానికి పకపకా నవ్వారు. జడ మాటకు ఒకామె ఈల కూడా వేసింది. పల్లవి వచ్చింది. నవ్వు ఆగిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. ఇద్దరు ముగ్గురు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక పెద్దామె కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, ఆమెకే తెలిసినట్టు లేదు. పిల్లలు ఇంకా ఉషారుగా వాయిస్తున్నారు. రెండోసారి పల్లవి ఎత్తుకునేసరికి అవ్వ లేచి నిలబడింది.

"ఆపండ్రా! ఆపు మే ముండా! పీనుగ లేని ఇంటి ముందర శోకం పెడ్తారా?"

డోలక్ చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఇది మీయమ్మ పోయిన పొద్దు నేను ఏడ్సిన ఏడుపు మే. నా బిడ్డ మీద పడి ఏడ్సిన ఏడుపు. దానికి దరువేసి ఆడతాండావా? మీ నాయన యాడనో పరాయి దేశంలో ఉండాడే, ఆయప్పకేమన్నా అయితే ఏం జేచ్చావు?"

అప్పుడు తెలిసింది నాకు. మా ప్రాంతంలో చావింట ఆడవాళ్లు రాగం తీసి, పోయినవాళ్ల మంచీచెడ్డా చెప్పుకుంటూ ఏడుస్తారు. ఎవరి శోకం వాళ్లది, కానీ ఊళ్లో అందరూ గుర్తుపడతారు. చావు లేనిచోట ఆ రాగం ఎత్తితే చావును పిలిచినట్టేనని వాళ్ల నమ్మకం. నాలాంటి దానికి నమ్మకాలు లేవు, క్లాసులో గంటలకొద్దీ మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు ఇచ్చినదాన్ని. కానీ ఆ పిల్ల ముఖం చూశాక ఆ ఉపన్యాసాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తను మైకు కింద పెట్టి, ఫోను తీసి, తండ్రికి కొట్టింది.

స్విచ్చాఫ్.

మళ్లీ కొట్టింది. స్విచ్చాఫ్. అవ్వ తల మీద చేతులు పెట్టుకొని వరండా మెట్టు మీద కూలబడింది. "ఎప్పుడూ ఈ పొద్దుకు ఎత్తుతాడు" అంటోంది, "ఎప్పుడూ ఎత్తుతాడు." ఆడవాళ్లు చుట్టూ చేరి కూర్చున్నారు. కారు నడిపే మనిషి. ఆ దేశం రోడ్ల మీద కార్లు ఎంత వేగంగా పోతాయో ఎక్కడో చదివాను, సరిగ్గా అప్పుడే గుర్తు రావాలా అది! జమ్మలమడుగు బస్సు నా కళ్లముందే పోయింది. దుమ్ము లేపుకుంటానే పోయింది. నేను కదల్లేదు. చదువుకున్నదాన్ని, ఏమీ కాదు, ఏమీ కాదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, చేతిలో చున్నీ కొస మెలితిప్పుతూ. అది ఆ పిల్ల చున్నీ.

గిటారు నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "మేడమ్, మన పాట పాయె."

"నీ పాట గంగలో కలవా! ఆ మనిషి బాగుంటే అంతే చాలు" అని అరిచాను. పాపం, వాడు ఏడుపు ముఖం పెట్టాడు.

ఎండ పూర్తిగా దిగాక ఫోను మోగింది. ఆ పిల్ల ఎత్తి "నాయనా" అంది. స్పీకరులో ఆయన గొంతు వినపడింది. కార్లు కడుగుతున్నాడట, ఫోను లోపల చార్జింగు పెట్టాడట, స్విచ్చు వేయడం మర్చిపోయాడట. ఆ స్విచ్చు మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అవ్వ మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, అప్పుడు ఏడ్చింది.

"ఏమైంది అత్తా? యాల ఏడుస్తాండారు అందరూ?"

అవ్వ చెప్పింది. తిడుతూ, ముక్కు చీదుతూ, అంతా చెప్పింది. లైను తెగిందేమోనని ఆ పిల్ల ఫోను చూసుకుంది.

"అత్తా," అన్నాడు ఆయన, "ఆ పొద్దు వాళ్లు సెలవియ్యల్యా. నేను రాలేకపోతి. నా పెండ్లానికి పిడికెడు మన్ను ఏసుకోలేకపోతి. నువ్వు ఏమని ఏడ్సినావో గూడా నాకు తెల్దు. ఎవురూ చెప్పల్యా. పాపకు వచ్చంటే, ఒక్కసారి ఇనిపియ్యి."

అవ్వ గట్టిగా తల అడ్డంగా ఊపింది, ఆయనకు కనపడుతుందన్నట్టు. "ఈడ వద్దు నాయనా. ఇంట్లో వద్దు, ఊర్లో వద్దు. ఒకసారి ఇని భయపడి సచ్చినాము."

ఎప్పుడూ మాట్లాడని కీబోర్డు నోరు తెరిచాడు. "అవ్వా, రికార్డు చేసి పంపిచ్చే?"

"శోకాన్ని ఫోన్లో దాపెట్టుకుంటాడా? తలుచుకున్నప్పుడల్లా ఇంటాడా? మనిషి బతకాలనా వద్దా? అది ఒక్కసారి ఇని ఇడిసిపెట్టాల నాయనా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కడపలో పాడనీ. ఊరుగాని ఊరు అది, ఎవురికీ తగల్దు. ఆడ పాడేటప్పుడు ఇనుకో. పాడినాక ఈ పిల్లోల్లంతా నోరు పుక్కిలిచ్చి, కాళ్లు కడుక్కోని బస్సెక్కాల. మేడమ్, నీదే పూచీ."

పూచీ! నేను అప్పటిదాకా ఎన్నో పూచీలు తీసుకున్నాను, ఇలాంటిది ఎప్పుడూ తీసుకోలేదు.

మరునాడు ల్యాబు వెనక గదిలో మళ్లీ వాదన. పల్లవిని ఏం చేయాలి? గిటారు పాత పల్లవే ఉంచాలంటాడు. డోలక్ ఒప్పుకోలేదు. "శోకానికి డోలక్ కొట్టగూడదు మామా. మా ఇండ్లల్లో గూడా పీర్లకాడ ఏడ్సే పాటలుంటాయి, వాటిని పెండ్లిలో వాయిచ్చే మా అబ్బ సంపేస్తాడు. పల్లవి వచ్చినప్పుడు నేను చేతులు ఒళ్లో పెట్టుకుంటా." చివరిసారి పల్లవి వచ్చేటప్పుడు బస్సు మాటలు వదిలేసి అవ్వ మాటలే పాడాలని ఆ పిల్ల అంది. "అట్లయితే అది మన పాట ఎట్లయితాది?" అన్నాడు గిటారు. వాడు గిటారు సంచిలో పెట్టుకొని వెళ్లిపోయాడు. రాత్రంతా నాకు నిద్ర లేదు. పొద్దున కడప బస్సు దగ్గరికి వెళ్తే, వాడు అందరికంటే ముందే వచ్చి కిటికీ సీట్లు పట్టి ఉన్నాడు.

కువైట్‌లో యజమాని పిల్లల్ని బడి దగ్గర దింపాక, యజమానురాలు బజారుకు పిలిచేలోగా ఆ పిల్ల తండ్రికి కొంత ఖాళీ ఉంటుంది. మనకు అది మధ్యాహ్నం భోజనాల ముందు వేళ. మా వంతు ఆ వేళకే రావాలి. వచ్చిందా? ముఖ్య అతిథి ఆలస్యం. వచ్చాక ఆయన మాట్లాడాడు, ఆయన పక్కన కూర్చున్నవాళ్లూ మాట్లాడారు. యువత దేశానికి వెన్నెముక అని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. నా వెన్నెముక కుర్చీలో నిలవడం లేదు. నా ఫోనుకు కువైట్ నుంచి ఆ తండ్రి మెసేజీలు. "అయిందా మేడమ్?" "ఇంగా గాలేదా మేడమ్?"

నిర్వాహకుడి దగ్గరికి పరిగెత్తాను. మా వాళ్లను ముందు పంపండని అడిగాను. ఆయన చాలా మర్యాదస్తుడు. "ఆర్డరు మార్చడానికి వీల్లేదండీ" అని నాలుగు విధాలుగా చెప్పాడు. ఒక తండ్రి వినాలండీ అంటే, తల్లిదండ్రుల కోసం వెనక గ్యాలరీ ఉందండీ అన్నాడు. ఆయన్ని ఏమనాలో తెలియక, మాకు ముందున్న కాలేజీ పిల్లల దగ్గరికే వెళ్లాను. వాళ్లు కూడా కంగారుగానే ఉన్నారు. వాళ్ల డ్రమ్సు అబ్బాయి ఇంకా దారిలోనే ఉన్నాడు. "ఆంటీ, మీరే ముందు పోండి, మీకు పుణ్యముంటాది" అని చేతులు పట్టుకున్నారు. పుణ్యం ఎవరికో ఆ దేవుడికి తెలియాలి.

ఫోను కలిపాను. హాల్లో సిగ్నలు ఒక గీత. పక్క కిటికీ దగ్గరికి వెళ్లి, చెయ్యి చాపి, స్టేజీ వైపు ఫోను పట్టుకొని నిలబడ్డాను. వెనక ఎవరో "కూచోండమ్మా, కనపడ్డం లే" అని విసుక్కున్నారు. నేను కూర్చోలేదు.

బస్సు చరణాలకు హాలంతా చప్పట్లు. పల్లవి దగ్గర డోలక్ చేతులు ఒళ్లోకి వెళ్లాయి. కీబోర్డు ఒక్క స్వరం పట్టి వదల్లేదు. జనం ఇది కూడా ఏదో హాస్యమే అనుకొని కాస్త నవ్వారు. చివరికి వచ్చింది. వాయిద్యాలన్నీ ఆగాయి. ఆ పిల్ల కళ్లు మూసుకొని అవ్వ గొంతు ఎత్తింది.

బువ్వ తిన్న గిన్నె బోర్లేసి పోతివా, నా బిడ్డా
ఈదిలో నీ పిల్ల జడేసే చెయ్యి అడుగుతాందే, నా బిడ్డా
ఆయప్ప వచ్చి ఏదని అడిగితే నేనేం జెప్పేది, నా బిడ్డా

జడ! మా హాస్యపాటలో జడేసుకునే రాజుపాలెం పాపను ఎవరు పెట్టారో, ఆ లైను ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను అడగలేదు కదా. ఎక్కడ ఫోను జారిపోతుందోనని రెండో చెయ్యి కూడా ఊతం పెట్టాను. ఆ పిల్ల చివర ఊపిరి పీల్చి ఆగాక హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియక కూర్చున్నారు.

న్యాయనిర్ణేతల్లో ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ మైకు తీసుకున్నాడు. "చాలా బాగుందమ్మా. ఈ పల్లవి బాణీ ఎవరు కట్టారు?"

పిల్లలు ముగ్గురూ నా వైపు చూశారు. రూలు పెట్టిందాన్ని నేనే.

"మా అవ్వ ఏడ్సిన ఏడుపు సార్" అంది ఆ పిల్ల. "మాయమ్మ పోయినప్పుడు."

వాళ్లు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. నిబంధన ప్రకారం విద్యార్థుల సొంత రచన కాదు కాబట్టి పోటీకి లెక్కించలేమని, బాధగానే చెప్పారు. మైకు లాక్కున్నది గిటారు. "ఆ పాపదే సార్. వాళ్లమ్మ గురించి. ఆ పాపది గాక ఇంగెవురిది?" అని గొంతు చించుకున్నాడు. నిబంధన మారలేదు. మారుతుందని నేనూ అనుకోలేదు. సొంతం కాని పాట ఎందుకు పాడించావని, కాలేజీకి తిరిగొచ్చాక నాకొచ్చిన మెమోకు మాత్రం చాలా పొడుగు జవాబు రాశాను.

అప్పటికి నాకు గుర్తొచ్చింది, ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. హాలు బయటికి వచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాను. అటు ఏమీ వినపడలేదు. "బాబూ, ఉన్నావా?" అన్నాను.

"ఉండా మేడమ్. వచ్చి అడిగితే ఏం జెప్పేది అని ఏడ్సిందా మా అత్త. నేను పోయి అడగనే లేదు మేడమ్. అడగాలంటే భయపడి, రెండేండ్లుగా ఊరికే పోలేదు."

హాలు వెనక కుళాయి దగ్గర ఆ పిల్ల చెప్పులు విప్పి, నోరు పుక్కిలించి, కాళ్లు కడుక్కుంటోంది. వెనకే డోలక్, కీబోర్డు, చివర గిటారు, కొత్త జీన్సు మోకాళ్లదాకా మడిచి, వంతు కోసం నిలబడ్డారు.

"పిల్లలు కాళ్లు కడుక్కుంటున్నారు నాయనా. అవ్వ చెప్పినట్టే" అన్నాను.

"ఒక్క నిమిసం మేడమ్" అన్నాడు. కారు తలుపు తెరిచిన చప్పుడు, అడుగుల చప్పుడు వినపడ్డాయి. ఆ తర్వాత అటువైపు కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్లు నేల మీద పడుతున్న చప్పుడు. "నేను గూడా కడుక్కుంటాండా" అన్నాడు. "పాపకు చెప్పండి. ఈ తూరి సెలవు ఇయ్యకపోయినా వచ్చాండానని చెప్పండి."

ఫోను అలాగే చెవి దగ్గర పట్టుకొని, నేనూ చెప్పులు విప్పి గిటారు వెనక నిలబడ్డాను.